వచ్చిన పనికి పడిన శిక్ష

పని నేర్చుకున్న మనిషికి మీరైతే శిక్ష వేస్తారా? మా ఎదురింటావిడకు వేశారు.

ఆమెకు నలభై దాటినా అందరికీ చిట్టమ్మడే. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. తల్లి పోయాక ఒంటరిగా ఉంటూ, సంక్షేమ ఆఫీసు తరఫున రోజూ వచ్చే సహాయకురాలి దగ్గర స్టవ్ వెలిగించడం, మందులు వేళకు వేసుకోవడం ఎంతో కష్టపడి నేర్చుకుంది. పరిశీలనకు వచ్చిన సంక్షేమాధికారికి సంబరంగా టీ కాచి ఇచ్చింది.

“భేష్! ఇంక నీకెవరి సాయమూ అక్కర్లేదమ్మా,” అన్నాడాయన. ఆ వారమే సహాయకురాలిని మాన్పించారు.

“టీ బాలేదా అక్కా?” అని చిట్టమ్మడు ఆమెకు ఫోన్ చేసింది.

“బాగుండబట్టే కదే ఈ తంటా! నా ఉద్యోగం ఊడగొట్టావు పిల్లా.”

తరువాత జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లే దిక్కు లేదు. కరెంటు ఆఫీసు నోటీసు చదివి చెప్పే మనిషి లేదు. స్వతంత్రంగా బతకడమంటే తోడు లేకుండా బతకడమని ఏ చట్టమూ చెప్పలేదు. ఆ అర్థం సంక్షేమ ఆఫీసు సొంతంగా కల్పించుకుంది. సహాయకురాలిని తిరిగి పంపమని ఆమె తరఫున నేను అప్పీలు చేస్తే, మళ్లీ పరిశీలిస్తామన్నారు.

నిన్న ఆ అధికారే వచ్చి స్టవ్ వెలిగించమన్నాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నాకు రాదు సార్.”

“అదేంటి, పోయినసారి టీ ఇచ్చావుగా?”

“మర్చిపోయాను సార్.”

ఇకమీదట ఎవరడిగినా తనకేమీ రాదనే చెప్పాలని ఆమె నిర్ణయించుకుంది.