ట్రామ్ ఎత్తుకుపోయిన విలేఖరి

2020 ఫిబ్రవరి 26న, మూడు నెలలకని, జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి కరోనా వల్ల ఇక్కడే చిక్కుకుపోయాను. మరుసటి జనవరిలో బళ్ళు మూసి ఇళ్ళకే పాఠాలు పంపారు. తొమ్మిదేళ్ళ మనవరాలికి పది భాగహారాలు వచ్చాయి. ఇక్కడ భాగహారానికి రెండు చుక్కలు పెడతారు. మన బ్రాకెట్లు ఎరగరు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, చూస్తూ ఊరుకోలేక శుక్రవారం పదీ మన పద్ధతిలో చేసిపారేశాను. అది మక్కీకి మక్కీ దించి పంపింది. ఎలా చేశావో సోమవారం వీడియోలో చెప్పమని టీచరమ్మ కబురు పెట్టింది.

"ఇంటర్నెట్‌ల చూసి నేర్చుకున్న అని చెప్త" అంది మనవరాలు. నేను వద్దనలేదు.

ఆదివారం భోజనాలయ్యాక అల్లుడు ఓ పాత మూకీ సినిమా పెట్టాడు. డబ్బుల్లేని ఓ సోకులరాయుడు, ఒక విలేఖరి తీసిన ఫోటో కొట్టేసి తనదేనని పత్రికలో వేయిస్తాడు. చివర ఇద్దరూ నడివీధిలో తన్నుకుంటుంటే ట్రామ్ వచ్చి ముందు భాగంతో ఇద్దరినీ ఎత్తుకుపోతుంది. దాని మీద కూడా కొట్టుకుంటూనే ఉన్నారు. అంతే.

"అయిపోయిందా? దొంగకు శిక్షేది?" అన్నాను.

"ట్రామ్ గుద్దింది గదా అత్తమ్మా!"

"ఇద్దర్నీ గుద్దింది. ఫోటో పోయినోడు ఏం పాపం జేసిండు?"

"పేపర్ల మాత్రం దొంగ పేరే వచ్చింది. సూపర్!" అని మనవరాలు నాకు కన్నుకొట్టింది.

ఆ కన్నుకొట్టడమే నాకు నచ్చలేదు. దానికి దొంగతనం నేర్పింది సినిమా కాదు, నేను.

సోమవారం అది కెమెరా ముందు "ఇంటర్నెట్" అని మొదలుపెట్టగానే పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "పదీ నేనే చేశాను" అని ఇంగ్లీషులో చెప్పాను.

"అమ్మమ్మా!" అని అది మొహం కప్పుకుంది.

టీచరమ్మ కోప్పడలేదు. కాగితం చూసుకుని, తొమ్మిదోది తప్పని చెప్పింది. చూద్దును కదా, నిజమే. 306 రావలసిన చోట 36 వేశాను. సున్నా మింగేశాను.

మనవరాలికి కొత్తగా పది లెక్కలిచ్చింది. ఆపైన ఇద్దరూ జర్మన్‌లో ఏదో మాట్లాడుకుని నవ్వారు.

"ఏమందే?"

"నిన్ను తొమ్మిదోది మళ్ళ చెయ్యమంటుంది."

టీచరమ్మ అందో, ఇదే కల్పించిందో నాకు తెలియదు. చేశాను.