వరస చివర గంగ

గంగ మూడో తరగతి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగింది. హుకుంపేట దాటి కొండెక్కితే వాళ్ళ ఊరు. ఊళ్ళో బడి లేకపోవడంతో తండ్రి ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో కూతుర్ని పట్టుకుని ఆశ్రమ పాఠశాలలో దించి వెళ్ళాడు. ఆ పెట్టె ఇప్పటికీ ఉంది. జూనియర్ కాలేజీ హాస్టల్‌కీ, తర్వాత అరకులో డిగ్రీ కాలేజీ హాస్టల్‌కీ గంగతో పాటే వచ్చింది. మూత సొట్టపోయింది. గొళ్ళెం ఊడిపోతే గంగే ఇనప తీగ చుట్టి బిగించింది.

హాస్టల్లో బతకడానికి తెలియాల్సినవన్నీ గంగకు తెలుసు. పప్పు గిన్నెలో గరిటె ఎంత లోతుకు ముంచమని అడిగితే నీళ్ళు కాక పప్పు పడుతుందో, వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తే ముక్కిపోయిన వాసన పట్టవో ఆమెనే అడిగేవారు. చదువులో మధ్యరకం. పొట్టి పిల్ల కాబట్టి వాలీబాల్‌కి ఎవరూ పిలవరు. పాటకు గొంతు లేదు. ఒక్క థింసా ఆటలో మాత్రం గంగ తర్వాతే ఎవరైనా.

థింసాలో ఆడపిల్లలు వరసగా నిలబడి, ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుంటారు. సన్నాయిలాంటి మోరి ఊదగానే ఆ వరస మొత్తం ఒక్క మనిషిలా కదులుతుంది. అందరికంటే ముందున్న పిల్లకు ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఆ చేత్తో నెమలీకల కట్ట ఊపుతూ వరసను నడిపిస్తుంది. చూసేవాళ్ళ కళ్ళు ముందు ఆ కట్ట మీదా, తర్వాత ఆ పిల్ల మీదా పడతాయి.

ఏడో తరగతి నుంచీ ఆ చోటు గంగది. నెమలీకల కట్ట కూడా గంగదే. అడవిలో రాలిన ఈకలు ఏరి, వెదురు పుల్లకు నారతో బిగించి, తాత చేసిచ్చాడు. కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టె అడుగున దాచుకుంది.

డిగ్రీ హాస్టల్లో పాత బ్లాకు, కొత్త బ్లాకు అని రెండున్నాయి. కొత్త బ్లాకుకు టైల్సు, పాత బ్లాకుకు కారే కప్పు. ఆగస్టులో ఆదివాసీ దినోత్సవం వస్తోందంటే చాలు, భోజనాల హాల్లో కంచాల మీద గ్లాసులు మోగేవి. "పాత బ్లాకు, గట్టి బ్లాకు!" అని ఇటు నుంచి అరిస్తే, "కారే కప్పు మీకు, గెలిచే కప్పు మాకు!" అని అటు నుంచి బదులొచ్చేది. వార్డెన్ వరలక్ష్మి మేడం గరిటె పట్టుకుని వచ్చేదాకా అది ఆగేది కాదు. గంగ మొదటి ఏడాదిలో ఉండగా థింసా షీల్డు పాత బ్లాకుకే వచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నది గంగే.

రెండో ఏడు పాత బ్లాకులోకి కృపావతి వచ్చింది. సీలేరు ప్రాజెక్టు కాలనీ పిల్ల. తండ్రిది పవర్‌హౌస్‌లో పని. పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. చక్రాల సూట్‌కేసు గడగడలాడిస్తూ వచ్చి, సరిగ్గా గంగ ట్రంకు పెట్టె పక్కనే ఆనించి, "ఇక్కడ పెట్టుకోవచ్చా అక్కా?" అని నవ్వింది. పెట్టేశాక అడగడమేమిటని గంగకు ఒళ్ళు మండింది. అదే మొదలు.

థింసా వరసకు పిల్లల్ని ఎంచే రోజున శ్రావణి మేడం వచ్చింది. ఆమె విజయనగరం నుంచి ఆ ఏడే బదిలీ మీద వచ్చిన లెక్చరర్. అందరి చేతా అడుగులు వేయించి చూసింది.

"కృపావతీ, నువ్వు ముందుండమ్మా. పొడుగు నుంచి పొట్టికి దిగుతూ వస్తే వరస చూడ్డానికి అందంగా ఉంటుంది. గంగా, నువ్వు చివర."

గంగ చివరకు వెళ్ళి నిలబడింది. పొడుగని ఎంచారు, అంతే, ఆ పిల్లకేం వచ్చని, అనుకోవడానికి శతవిధాలా ప్రయత్నించింది. కానీ కళ్ళున్నాయి కదా. కృపావతి మడమ ముందు ఆనించి, మోకాలు వంచి, నడుము కదలకుండా అడుగు వేస్తోంది. అలా వేయడం ఒక్క రోజులో వచ్చేది కాదు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకుందట. బాగా వేయని పిల్లయితే గంగ జాలిపడి ఊరుకునేది. బాగా వేస్తోంది కాబట్టే నిద్రపట్టలేదు.

"సర్చికెల్లే గుంటకి తింసా ఏటే?" అంది మర్నాడు పక్క మంచం చిట్టితో.

చిట్టి జడ వేసుకుంటూ ఆగింది. "నానూ సర్చికే ఎల్తాను కదే. మొన్న కిస్మస్‌కి మా ఇంట్లో కేకు మింగినప్పుడు గేపకం రానేదేటి?"

పాత బ్లాకులో సగం మంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే. ఆ మాట ఇంకెవరి దగ్గరా పారదని గంగకు అప్పుడే అర్థమైంది.

శ్రావణి మేడం నెమలీకల కట్ట అడిగింది.

"ఎలకలు తినీసినాయి మేడం," అంది గంగ, ముఖం ఎంత బాధగా పెట్టాలో అంత బాధగా పెట్టి.

కృపావతి ఎర్ర రుమాలు పట్టుకుని సాధన చేసింది. ఆ రుమాలూ బాగానే ఉంది. అదింకో మంట. మధ్యలో ఒకసారి వచ్చి, "అక్కా, ఆకులు కోసే అడుగులో మీ ఊళ్ళో ఎంత దాకా వంగుతారు?" అని అడిగింది.

"నీకన్నీ వచ్చు కదా. నన్నెందుకు అడగడం?" అంది గంగ. కృపావతి రుమాలు నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఫోన్లో వచ్చింది. తల్లి సోములమ్మ ప్రతి ఏడూ అడిగేదే అడిగింది. "ఈపాలి నానూ వస్తానే. మీ సిన్నమ్మా వస్తాదట. ముందు నువ్వే కదా నిలబడేది?"

"ఊఁ," అంది గంగ.

పండగ రోజున పొద్దుటి నుంచీ సన్నటి తుంపర. కాలేజీ మైదానంలో రెండు బ్లాకుల పిల్లలూ మోకాళ్ళ పైకి చీరలు కట్టి, కొంగులు భుజం మీద ముడివేసి, కాళ్ళకు అందెలు తొడుక్కుని నిలబడ్డారు. ఏటా ఆటకు మోరి ఊదే గాసి తాత అది తడవకుండా చొక్కాలో దాచుకుని వచ్చాడు. ఆయన వెనక డప్పుల వాళ్ళు. కొత్త బ్లాకు వాళ్ళు ముందు ఆడారు. చక్కగా ఆడారు. ఎక్కడా తప్పు లేదు, ఎవరూ ఈల వేయలేదు.

తర్వాత పాత బ్లాకు. కృపావతి ఎర్ర రుమాలు ఊపింది. వరస కదిలింది. చివరనున్న గంగకు అందరి వీపులూ, అందరికీ అవతల ఆ రుమాలూ కనిపిస్తున్నాయి. జనంలోకి చూసింది. గొడుగు కింద తల్లి, పక్కన చిన్నమ్మ. తల్లి చెయ్యి పైకెత్తి వరస ముందు భాగం వైపు ఊపుతోంది. అక్కడున్నది తన కూతురు కాదని తెలిసి చెయ్యి ఆగింది. ఆమె చూపు ఒక్కో ముఖమే వెతుక్కుంటూ, ఆఖర్న గంగ దగ్గరకు వచ్చింది. ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

సరిగ్గా అప్పుడే మోరి పాట మారింది.

పాట మారితే వరస వెనక్కి తిరుగుతుంది. అప్పటిదాకా చివరనున్న పిల్ల ఇరుసులా మధ్యలో తిరుగుతూ వరసను లాగుతుంది. ముందున్న పిల్ల బయటి అంచుకు పోయి, పెద్ద చుట్టు చుట్టి రావాలి. మధ్యలో ఉన్నది ఒక అడుగు వేస్తే అంచున ఉన్నదానికి పరుగే. అందుకే నెమ్మదిగా తిప్పాలి. సాధనలో గంగ నెమ్మదిగానే తిప్పింది.

ఇప్పుడు మోకాళ్ళు వంచి, మడమ బురదలో దించి, వరసను బలమంతా పెట్టి లాగింది.

"ఒలే, నెమ్మదే!" అని చిట్టి పళ్ళ మధ్య నుంచి గొణిగింది. గంగ వినలేదు. పడిపోతుంది, ఆ పొడుగు కాళ్ళు బురదలో జారతాయి, ఎర్ర రుమాలు మట్టిలో పడుతుంది. అదొక్కటే కళ్ళ ముందు ఆడుతోంది. అడుగులు పాటను దాటిపోతున్నాయని గాసి తాత మోరి వేగం పెంచాడు. డప్పులు దాని వెంటపడ్డాయి. అంచున కృపావతి పరుగెత్తింది, పరుగు చాలక గెంతింది, గెంతు చాలక రెండు కాళ్ళూ నేలను వదిలేశాయి. జడ ఊడిపోయింది. పక్క పిల్లను పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. రుమాలున్న చెయ్యి పైకెత్తి "హూయ్!" అని కేక పెట్టింది.

మైదానం లేచి నిలబడింది. ఈలలు. కొత్త బ్లాకు పిల్లలు కూడా అరుస్తున్నారు. గంగ ఇంకా కసిగా లాగింది. ఎంత లాగితే అన్ని ఈలలు.

షీల్డు పాత బ్లాకుకే వచ్చింది. కృపావతి ఎత్తి పట్టుకుంది. పిల్లలు కృపావతినే ఎత్తి పట్టుకున్నారు.

సోములమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఎవలే ఆ ముందు గుంట? గాల్లో ఎగిరిపోనాదే! మన ఊల్లో కూడా అలాటి తిప్పుడు సూడనేదు."

"మరి నాను?"

"నువ్వా? నువ్వూ బాగానే ఏసావు. సివర నిలబెట్టీసినారేటి నిన్ను?" అంటూనే సంచీలోంచి ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు తీసింది. కృపావతిని కేకేసి పిలిచి, అన్నిట్లోకీ పెద్ద పొత్తు ఆ పిల్ల చేతిలో పెట్టింది. గంగ తన పొత్తు కొరికితే గింజలు గులకరాళ్ళలా తగిలాయి.

గాసి తాత ఒక్కడే గంగను చూసి తల ఊపాడు. "నా ఊపిరి లాగీసినావు కదే గుంటా," అని దగ్గుకుంటూ బీడీ ముట్టించాడు.

మర్నాడు బట్టలుతికే బండ దగ్గరకు కృపావతి కుంటుకుంటూ వచ్చింది. కాలి బొటనవేలి దగ్గర చర్మం లేచిపోయింది.

"కావాలనే లాగావు కదా అక్కా?"

గంగ చీర మెలిపెట్టి పిండింది. అబద్ధం దొరకలేదు. "అవును."

"పడిపోతాననుకున్నావా?"

"పడాలనుకున్నాను."

కృపావతి బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. "నాకూ పడిపోతాననే అనిపించింది. భయమేసింది. తర్వాత భలే అనిపించింది." బొటనవేలు చూసుకుంటూ అంది, "మళ్ళీ అలా లాగితే ముందే సైగ చెయ్యి. జడ గట్టిగా వేసుకుంటాను."

గంగ నవ్వలేదు. తిట్టి పోతుందనుకుంటే ఇలా మాట్లాడటం ఆమెకు ఏమీ నచ్చలేదు. ఇందులోనూ ఈ పిల్లదే పైచెయ్యి అనుకుంది.

ఆ వారంలోనే పాడేరులో ప్రదర్శనకు పిలుపొచ్చింది. గంగ ధైర్యం కూడగట్టుకుని శ్రావణి మేడం ముందు నిలబడింది. "మేడం, ఈసారి నేను ముందుంటాను."

"ఉండమ్మా, చూద్దాం," అంది మేడం. కృపావతిని చివర పెట్టి వేయించింది. మోరి పాట మారింది. కృపావతి లాగింది. ఆ పొడుగు మనిషి మధ్యలో నిలదొక్కుకోలేక తనే ఊగిపోయింది. వరస నడుమ తెగి, పిల్లలు కుప్పగా ఒకరి మీద ఒకరు పడ్డారు. చిట్టిని పెట్టి చూశారు, అదీ అంతే. నేలకు దగ్గరగా ఉండి, మోకాళ్ళు వంచి, పాతిన గుంజలా నిలబడి తిరగాలి. అలా తిరిగే పిల్ల ఒక్కర్తే ఉంది.

"గంగా, నువ్వు ముందుంటే ఆ తిప్పుడు ఎవరు తిప్పుతారు? వాళ్ళు పిలిచింది దాని కోసమే," అంది మేడం.

గంగ వరస పొడవునా నడిచి చివరకు వెళ్ళి నిలబడింది. కోపంలో చేసిన పనే ఇప్పుడు తన పని అయి కూర్చుంది. ఇక ఈ కాలేజీ వదిలేదాకా ఆ చోటు తనదే.

పాడేరు వెళ్ళే రోజు బస్సులో కృపావతి పక్క సీటే దొరికింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం మంది పిల్లలు కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. గంగ ఒళ్ళో పొడుగ్గా, పాత చున్నీలో చుట్టినదేదో ఉంది. మలుపులో అది జారితే కృపావతి పట్టుకుంది. చున్నీలోంచి నీలం రంగు కన్ను ఒకటి బయటికి తొంగి చూసింది.

"ఇవి ఎలకలు తినేశాయన్నావు కదా?"

"కక్కేసినాయి," అంది గంగ.

కృపావతి బస్సంతా వినపడేలా నవ్వింది. "అయితే నాకిస్తావా? ముందున్న వాళ్ళే కదా పట్టుకోవాలి?"

"ముందు నీకో సెయ్యి ఖాళీ. సివర నాకూ ఓ సెయ్యి ఖాళీయే." గంగ కట్టను తనవైపు లాక్కుని చున్నీ మళ్ళీ చుట్టింది. "నీకు రుమాలుంది కదా."

"మరి నాకెప్పుడిస్తావు?"

గంగ చున్నీ ముడి బిగించింది. "నాను డిగ్రీ పాసైపోనాక అడుగు," అంది. అని, కట్టను కృపావతి లేని వైపు, కిటికీ పక్కన జాగ్రత్తగా నిలబెట్టుకుంది.