మణి తోక కోసం తిరుత్తణికి

మొన్న ఆదివారం ఉదయం ఏడూ ఇరవై లోకల్ రైలు తిరువళ్లూరులో ఎక్కాను. సంచిలో డ్రాయింగ్ పుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు ఉన్నాయి. యాభై మూడేళ్లవాణ్ని, ఎరువుల అంగడి నడుపుకునేవాణ్ని, పడుకున్న కుక్క బొమ్మ గీయడం నేర్చుకోవడానికి తిరుత్తణి పోతున్నాను. ఈ యాత్రకు కారణం నా నోరే.

పాండూరులో మా దేశమ్మక్క ఇంట్లో మణి అనే కుక్క ఉంది. మా వైపు సగం కుక్కల పేరు మణే. పద్నాలుగేళ్లుగా అది అక్క గడప ముందే పడుకుంటుంది. ఈమధ్య తిండి మానేస్తే పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇక ఎక్కువ రోజులు ఉండదన్నాడు. గడప ముందు పడుకున్నట్టు ఒక్క ఫోటో ఉంటే చాలని అక్క ఆశ. కానీ ఫోన్ ఎత్తితే మణి లేచి పక్కింటికి పోతుంది. అందరూ ఓడిపోయాక నేను ముందుకొచ్చి, "ఫోటో ఎందుకక్కా, నేను గీసిస్తా" అన్నాను. ఏడో తరగతిలో డ్రాయింగు బహుమతి కొట్టిన సంగతి కూడా గుర్తు చేశాను. అది మామిడికాయ బొమ్మకు వచ్చిందని మాత్రం చెప్పలేదు. అక్క నమ్మేసింది.

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆదివారం ఈ బండిలో పోయేవాళ్లంతా దాదాపు తిరుత్తణి కొండమీది గుడికే. ఎదురుగా పసుపు బట్టల్లో ఒక కుటుంబం కూర్చుంది. ఇంటాయన పలకరించాడు.

"కొండకేనా అన్నా? మొక్కుబడా?"

"లేదు. కుక్క బొమ్మ నేర్చుకునేదానికి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, భార్య వైపు తిరిగి జాలిగా "పావం" అన్నాడు. తర్వాత నాకు రెండు మురుకులు ఇచ్చారు. కడంబత్తూరు దాటేలోపు తినేశాను.

ఎనిమిదిన్నరకు తిరుత్తణి. బస్టాండు దగ్గర ఇడ్లీ, దానిలోకి వడకర్రి అనే పప్పువడల కూర తిన్నాను. మీరు పోతే వడకర్రి తినండి, ఇడ్లీ సంగతి నన్నడగొద్దు. తొమ్మిదికి మునిరత్నం అయ్యవారి ఇల్లు చేరాను. ఈయన ఒకప్పుడు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచె మూలపడ్డాక, ఆదివారాలు ముందుగదిలో బొమ్మలు నేర్పుతున్నాడు. తిరువళ్లూరులో డ్రాయింగు మాస్టర్లు లేక కాదు, ఈయన తెలుగులో నేర్పుతాడని విని వచ్చాను. మా తెలుగు సంఘం ఉగాది సమావేశంలో ఏటా మైకు పట్టుకుని, మన పిల్లలు తెలుగు మరిచిపోతున్నారని అరగంట బాధపడేది నేనే. అలాంటివాణ్ని తమిళంలో నేర్చుకుంటే బాగుంటుందా?

పక్క చాపమీద బ్యాంకులో పనిచేసే ఒకామె నెమలిని గీస్తోంది. నేను మణి సంగతి అయ్యవారికి చెప్పి, దాన్ని తలుచుకుని గీశాను. నాలుగు కాళ్లు, పొడుగాటి వీపు, వెనక జెండాలా ఒక తోక. అయ్యవారు వంగి చూశాడు.

"వాలు జాస్తిగా ఉండాది. తగ్గించన్నా."

రబ్బరు తీసి తోకను సగం చెరిపాను. మళ్లీ వచ్చాడు.

"ఇంకా తగ్గించల్ల."

ఇంకో అంగుళం చెరిపాను. కుక్కకు కుందేలు తోక మిగిలింది. గురువు మాట కాదనకూడదు కదా. మూడోసారి వచ్చి, "వాలు అట్నే ఉండాది కదన్నా" అని విసుక్కున్నాడు. నాకూ విసుగొచ్చి, మిగిలిన ముక్క కూడా లేకుండా చేసేశాను.

అప్పుడు ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "తోక యాడ పోయె?"

"మీరే కదా అయ్యవారూ, వాలు తీసెయ్యమన్నారు."

నెమలి గీసే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమిళంలో వాల్ అంటే తోక. ఆయన చెప్పింది తెలుగు వాలు, జారుడుబండలా నేను గీసిన వీపు వాలు.

"తోకను నేను తోకనే అంటానన్నా," అన్నాడాయన నెమ్మదిగా. "మనం తెలుగోళ్లం కదా."

ఉగాది మైకు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆయన అంతటితో వదలలేదు. "సరే, మీ మణి పండుకున్నప్పుడు తోక యాడ పెట్టుకుంటాడు?"

చెప్పడానికి నోరు తెరిచాను. నాకు తెలియదు. ప్రతి ఆదివారం ఆ కుక్కను దాటుకునే అక్క ఇంట్లోకి పోయాను, తోక ఎక్కడుందో ఒక్కసారీ చూడలేదు.

"పొయ్యి చూడు. చూసినాక గియ్యి," అని పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. పాఠం పన్నెండు దాకా అన్నారు, నాది పదిన్నరకే అయిపోయింది.

పదకొండూ పదికి తిరుగు లోకల్ ఎక్కాను. పక్కన కొత్త గుండుతో, గంధంతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నా పుస్తకం తిప్పి చూసి, పంది చాలా బాగా వచ్చిందని తమిళంలో మెచ్చుకున్నాడు. నేను దండం పెట్టాను.

తిరువళ్లూరులో దిగి ఇంటికి పోకుండా పాండూరు బస్సెక్కాను. మణి గడప ముందే ఉంది. ఎదురుగా నేలమీద కూర్చుని పెన్సిలు తీశాను. ఒక కన్ను తెరిచి, నా చేతిలో ఫోన్ లేదని చూసుకుని, మళ్లీ మూసుకుంది. తోక ముక్కు మీద కప్పుకుని పడుకుంటుంది. వీపుకు వాలే లేదు, తుంటి ఎముక పైకి పొడుచుకొచ్చి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఇంత చిక్కిపోయిందని నాకు తెలియనే తెలియదు. సిగ్గేసింది.

రెండు గంటలు పట్టింది. అక్క కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"చెవి వాడిది కాదు. తోక వాడిదే."

"పోన్లే, అదన్నా కుదిరింది."

"పద్నాలుగేండ్లుగా వస్తా ఉండావు," అంది అక్క, కాగితం మీంచి కళ్లు ఎత్తకుండానే. "వాడి పక్కన కూచునింది ఈ పొద్దే."

అక్క కాగితాన్ని చీర అంచుతో తుడిచి లోపల పెట్టుకుంది. "వచ్చే వారం చెవి గియ్యి. అందాకా ఉంటాడులే."

నాలుగున్నర బస్సుకు తిరువళ్లూరు బయలుదేరాను. నాలాగే ఈ విద్య కోసం తిరుత్తణి పోదామనుకునేవాళ్లకు ఒక మాట: ముందు మీ కుక్క పక్కన కాసేపు కూర్చోండి. ఆ తర్వాత రైలెక్కే పని ఉండకపోవచ్చు. నేను మాత్రం ఆదివారం దాకా ఆగడం లేదు, చెవి కోసం రేపే పోతున్నాను.