మహజరులో నా సంతకం

ఆ రాగి తీగ ఎక్కడ దొరికిందో నేను చూడలేదు. చూశానని మాత్రం రెండుసార్లు చెప్పాను. మొదటిసారి కాగితం మీద సంతకం పెట్టి, రెండోసారి కోర్టు బోనులో నిలబడి. ఆ రెండు అబద్ధాలూ కలిసి ఒక మనిషి ఉద్యోగాన్ని తినేశాయి. మా వీధిలో చాలామంది ఇప్పటికీ ఆయన్ని దొంగ అనే అంటారు. వాళ్లు చూపించే రుజువు నేనే.

పుదుచ్చేరి బజారులో మాది పెయింట్ల దుకాణం. నాన్న పెట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని మా చదువులన్నీ తమిళంలోనే, తెలుగు చదవడం, రాయడం ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నవి. పోలీసులు దొంగసొత్తు పట్టుకుంటే, ఏది ఎక్కడ దొరికిందో రాసి, చూసినవాళ్ల చేత సంతకం పెట్టించాలి. ఆ కాగితాన్ని మహజరు అంటారు. మా స్టేషన్‌వాళ్లు సాక్షి కావాలంటే నేరుగా బజారుకు వచ్చేవారు. నాన్న సంతకం పెట్టేవాడు, ఆయన తర్వాత నేను. చదివి పెట్టింది తక్కువ. కొన్నిసార్లు చదవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. తెల్లకాగితం అడుగున సంతకం పెట్టి ఇచ్చేవాళ్లం. పెద్దమనుషులం కాబట్టే పిలుస్తున్నారని అమ్మ చుట్టాలకు చెప్పుకునేది. ఆ పెద్దరికంతో ఇంకొక లాభం కూడా ఉంది. ఇరుకు వీధిలో మా సరుకు వ్యాను గంటసేపు అడ్డంగా నిలబడినా ఏ కానిస్టేబులూ నోరెత్తేవాడు కాదు.

మా వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు, మాలాగే తెలుగాయన. తట్టాంచావడిలో ఒక నీళ్ల పంపుహౌసులో రోజుకూలీ మీద మోటారు నడిపేవాడు. పన్నెండేళ్లు అదే పని. ఆ ఏడు పర్మనెంటు చేసేవాళ్ల జాబితాలో పేరు వచ్చిందని వీధంతా మిఠాయి పంచాడు. నడవడిక మీద పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఇంతలో పంపుహౌసులో రాగి కేబుల్ పోయింది. తాళంచెవి ఉన్నవాడు ఆయనే కాబట్టి ఆయన్నే పట్టుకెళ్లారు.

మూడో రోజు పొద్దున పదకొండింటికి కానిస్టేబులు వచ్చి నన్ను బండి ఎక్కించుకున్నాడు. పంపుహౌసు వెనక ఖాళీస్థలంలో జీపు ఆగి ఉంది. దాని పక్కన ఆయన. గడ్డం మాసి ఉంది, ఒక కాలు నేల మీద ఆనించలేకపోతున్నాడు. నన్ను చూడగానే ముఖం తేటపడింది.

"అన్నా, వచ్చినావా. నువ్వన్నా చెప్పన్నా వీళ్లకు."

నేను విడిపించడానికి వచ్చాననుకున్నాడు. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను.

కానిస్టేబులు జీపులోంచి గోనెసంచి దించి, తుమ్మచెట్టు కింద పెట్టి, పైన ఎండుకొమ్మలు కప్పాడు. నా కళ్లముందే. ఇప్పుడు వీడియో కూడా తీయాలని చట్టం వచ్చిందట. ఎస్సై ఫోను తీశాడు. ఆయన్ని సంచి వైపు వేలు చూపించమన్నారు, చూపించాడు. నన్ను పక్కన నిలబడమన్నారు, నిలబడ్డాను. అదే సమయానికి రోడ్డు మీద లారీ హారన్ మోగింది. ఎస్సై విసుక్కుని మొదట్నుంచి మళ్లీ చేయించాడు. మళ్లీ కొమ్మలు కప్పారు. ఆయన మళ్లీ వేలు చూపించాడు. నేను మళ్లీ తల ఊపాను, ఈసారి ఇంకాస్త నమ్మకంగా. తర్వాత జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను.

పోలీసు మాట ఒక్కటే చాలదు, పక్కన బయటి మనిషి ఉండాలి అంటుంది చట్టం. అంటే ఆ చోట నన్ను నిలబెట్టింది వాళ్లకు సాయం చేయడానికి కాదు, వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి. రెండు తరాలుగా మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. తట్టకపోవడమే మాకు సుఖంగా ఉండింది.

బెయిలు రాకముందే ఆయన భార్య దుకాణానికి వచ్చింది. బేరం చేస్తున్నవాళ్లు ఉన్నా ఆగలేదు.

"నువ్వు చూసినావంట గదన్నా. యాడ చూసినావు?"

పంపుహౌసు వెనక అన్నాను.

"నా మొగుడు పెట్టేది చూసినావా, పోలీసోడు పెట్టేది చూసినావా?"

కోర్టులో అడిగినప్పుడు చూసుకుందాంలేమ్మా అన్నాను.

"అడుగుతారులే. ఆ పొద్దు నోరు ఇంట్లో పెట్టేసి రాబాకు."

వాయిదాకు ముందురోజు ఎస్సై వచ్చి, తలుపులకు ఏ రంగు మంచిదని అడుగుతూ, మధ్యలో మెల్లగా తమిళంలో చెప్పాడు. సాక్షి మాట మారిస్తే కేసు సాక్షి మీదికే తిరుగుతుందట. మర్నాడు బోనులో ఆయన తరఫు లాయరు నన్ను ఒకే ఒక మాట అడిగాడు, సంచి మొదట ఎక్కడ ఉందని. చెట్టు కింద అన్నాను. వీడియో వేశారు. అందులో లారీ హారన్ లేదు. జీపు కూడా లేదు. నేను ఉన్నాను.

శిక్ష పడింది. అప్పటికే జైల్లో ఉన్న రోజులతో అది సరిపోయింది గాని, జాబితాలో పేరు కొట్టేశారు. ఇప్పుడు వీరాంపట్టినంలో చేపల లారీలకు ఐసు పెట్టెలు ఎత్తుతున్నాడు. ఆయన జైల్లో ఉండగానే ఇంకో పంపుహౌసులో కేబుల్ పోయింది. అది ఎవరి పనో ఎవరూ అడగలేదు. వీధిలో తెలియనివాళ్లు వీడియోలో ఉంది కదా అన్నారు. బజారులో తెలిసినవాళ్లు నవ్వుకున్నారు. ఒకరోజు టీకొట్టులో పాత్రల దుకాణం మామ నన్ను చూసి, "సాక్షి వస్తా ఉండాడు, గ్లాసులు భద్రం. పోతే మనం ఎత్తింది చూసినానంటాడు" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఇంతమందికి తెలుసు! తెలిసే, ఫోను పోయినా స్టేషన్ గడప తొక్కరు. తెలిసే, పక్కవాణ్ణి పట్టుకెళితే నిజమే అయ్యుంటుందంటారు.

పోయిన వారం అదే కానిస్టేబులు మళ్లీ తెల్లకాగితం తెచ్చాడు. రాసి తెస్తే చదివి సంతకం పెడతానన్నాను.

"ఏమి అన్నా, కొత్తగా?" అన్నాడు తమిళంలో, నిజంగానే ఆశ్చర్యపోయి.

మర్నాడు పొద్దున్నే మా వ్యానుకు జరిమానా చీటీ అంటించి ఉంది. పదిహేను నిమిషాలు కూడా నిలబడలేదు. ఆ చీటీ చేతిలో పట్టుకుని ఉండగా నాకు అర్థమైంది, ఒక మనిషి పన్నెండేళ్ల కష్టాన్ని నేను దేనికి ఇచ్చేశానో. ఆ మధ్యాహ్నమే ఆయన అప్పీలు చూస్తున్న లాయరు దగ్గరికి వెళ్లాను. అబద్ధపు సాక్ష్యానికి నన్ను కూడా జైల్లో పెట్టొచ్చని ఆ లాయరు రెండుసార్లు చెప్పాడు. జరిగింది జరిగినట్టు తమిళంలో రాయించి, ప్రతి పేజీ చదివి, సంతకం పెట్టాను.

నకలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి ఇద్దరూ చదివారు. కూర్చోమనలేదు.

"దీంతో ఆ పని తిరిగొస్తదా?" అన్నాడాయన.

లాయరు చెప్పలేనన్నాడని చెప్పాను. ఆ ఉద్యోగానికి వయసు దాటిపోయిందన్నాడని కూడా చెప్పాను.

"మరి ఎవరి కోసం రాసినావు?"

ఆమె కాగితం మడిచి ఆయన చేతికిచ్చింది.

"ఎవరికోసమైతే ఏందిలే. సోమవారం వాయిదా. అందరూ వినేటట్ల చెప్పు. దొంగ పెండ్లామని నన్ను పిలిచినోళ్లను నేను పిల్చుకొస్తా."

సోమవారం వెళుతున్నాను. నా మీద కేసు పెడితే పెట్టనీ. అయితే సంచి దించినవాడూ, వీడియో తీసినవాడూ ఇంకా యూనిఫాంలోనే ఉన్నారు. ఒకడికి ప్రమోషన్ కూడా వచ్చింది. ఇద్దరి పేర్లూ ఆ కాగితంలో రాయించాను. నన్ను అడిగినట్టే వాళ్లనూ బోనెక్కించి అడగమని చెప్పడానికి వెళుతున్నాను.