చెల్లెలి పోలిక

పామిడిలో ఫ్లెక్సీ అంటే దివాకర్ షాపు, దివాకర్ షాపు అంటే ప్రసూన. బోర్డు మీద పేరు ఆయనదే గానీ కంప్యూటర్ ముందు కుర్చీ మాత్రం ఆమెది. లీడర్ల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, కొత్త ట్రాక్టరు కొన్నవాడి సంబరం, ఏదైనా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఏఐ బొమ్మలొచ్చాక ఆమె గిరాకీ ఇంకా పెరిగింది. తాడిపత్రి షాపులవాళ్ళు కూడా ఫోన్ చేసి, "అక్కా, సింహం పక్కన మా అన్న నిలబడినట్టు రావల్ల, ప్రాంప్ట్ ఏం కొట్టల్ల?" అని అడిగేవాళ్ళు.

ప్రసూన అందరికీ ఒకటే చెప్పేది. "అడగందే అమ్మైనా పెట్టదప్పా. ఇది అమ్మ గూడా కాదు. నువ్వు చెప్పింది చేస్తాది, నువ్వు చెప్పంది దాని బుద్ధికి తోచినట్టు నింపుతాది. సింహం అంటే సాలదు. నోరు తెరిచిందా మూసిందా, ఎండ ఎటుపక్కనుంచి పడతాంది, అన్నీ చెప్పు."

ఊరందరి ముఖాలకూ మెరుగులు దిద్దిన ఆ ప్రసూన దగ్గర వాళ్ళమ్మ ఫొటో ఒక్కటి లేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా? ఓబమ్మకు ఫొటో అంటే భయం. తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. కూతురు ఫోన్ ఎత్తితే చాలు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఉన్నది ఆధార్ కార్డులో ఫొటో ఒక్కటే. అది పదేళ్ళనాటిది, నల్లటి మరక మాదిరి ఉంటుంది. ఆ మరకకూ ఇప్పటి ఓబమ్మకూ ఏ పోలికా లేదు.

మతిమరుపు మొదలయ్యాక యాడికి దగ్గరి పల్లె నుంచి ఆమెను తెచ్చి ప్రసూన తన ఇంట్లో పెట్టుకుంది. వచ్చినప్పటి నుంచీ ఓబమ్మకు అందరూ తిప్పమ్మలే. తిప్పమ్మ ఆమె చెల్లెలు. కూతుర్ని పిలిచినా తిప్పీ, అల్లుడు మారెప్పను పిలిచినా తిప్పీ. "తిప్పీ, నీళ్ళొచ్చినాయా?" అని పాలు పోసే ఆమెను కూడా అడిగేది. పేరేమని అడిగితే తన పేరు కూడా తిప్పమ్మ అనే చెప్పేది.

ఒకరోజు పొద్దున ప్రసూన నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పెట్టి వచ్చేలోపల ఓబమ్మ ఇంట్లో లేదు. బస్టాండులో అనంతపురం బస్సు ఎక్కిందని ఎవరో చూసి చెప్పారు. అక్కడినుంచి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమాయె. ముసలామెను ఆధార్ కార్డేదని కండక్టరు గట్టిగా అడగడు, పక్కామె చెప్పిన ఊరికే ఈమెకూ టికెట్ కొట్టి ఉంటాడు. మారెప్ప గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి, బండి వేసుకుని, కాళ్ళకు బలపాలు కట్టుకున్నట్టు తిరిగాడు. స్టేషన్లో ఎస్సై మంచివాడు. "ఇప్పటి ఫొటో ఇయ్యమ్మా, అన్ని స్టేషన్లకూ పంపిస్తా" అన్నాడు. ఆధార్ బొమ్మ అంటించిన కాగితం చూసి, "ఇట్లాంటామెను సూడలేదు" అని బస్టాండులన్నీ తల అడ్డంగా ఊపాయి.

మరునాడు పొద్దున ప్రసూన కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎంతమందికి లేని సింహాలను పుట్టించింది, ఉన్న అమ్మను పుట్టించలేదా?

'పల్లెటూరి పేద ముసలమ్మ, ముఖంలో విచారం' అని కొట్టింది. వెనక కొబ్బరిచెట్లు, కాలువ, నుదుట రూపాయి కాసంత బొట్టు, కంట్లో నీటి చుక్కతో క్యాలెండరు అవ్వ ఒకామె ప్రత్యక్షమైంది. ప్రసూనకు ఒళ్ళు మండింది. మా అమ్మ ఎప్పుడు కొబ్బరిచెట్టు కింద నిలబడింది? ఎప్పుడు ఏడ్చింది? అయినా తప్పు మిషనుది కాదని ఆమెకు తెలుసు. పేద అంటే అది చిరిగిన చీర కడుతుంది, విచారం అంటే కన్నీళ్ళు పెడుతుంది. ఆ మాటలన్నీ తీసేసి కంటికి కనబడేవే రాసింది. చిన్న నుదురు. వెడల్పాటి ముక్కు, రెండు పక్కలా ముక్కుపుల్లలు. సాగిన చెవులు, కమ్మలు లేవు. నల్లటి మనిషి. కుడికంటి రెప్ప కొంచెం వాలి ఉంటుంది.

నల్లటి మనిషి అంటే నూనె పూసిన రాతిబొమ్మను తెచ్చి పెట్టింది. రెప్ప వాలింది అంటే రెండు రెప్పలూ వాల్చింది. వంకర అంటే దానికి గిట్టదు, ఏ ముఖాన్నైనా చక్కదిద్దిగానీ వదలదు. ఇన్నేళ్ళూ గిరాకీదారులు మెచ్చుకున్నది ఈ గుణాన్నే గదా!

తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి అడిగింది. "మా యమ్మ ముఖం ఎట్లుంటాదో గుర్తు చేసుకుని చెప్పండప్పా." ఒకరు "మీ తాత ముక్కు" అన్నారు. ఒకరు "నీ గదుమే" అన్నారు. ఇంకొకరు "మీ మేనత్త మాదిరి నడక" అన్నారు. ఈ సీమలో ఎవరి ముఖమైనా బంధువుల లెక్కన చెప్పాల్సిందే. మిషనుకు తాత ఎవరు, మేనత్త ఎవరు?

మధ్యాహ్నానికి స్క్రీన్ నిండా ముసలమ్మలు. ప్రసూన కళ్ళు మూసుకుని అసలు అమ్మను తలుచుకోబోయింది. అమ్మ రాలేదు. స్క్రీన్ మీది అవ్వలే ఒకరి వెనక ఒకరు వచ్చారు. అప్పుడు పుట్టింది అసలు భయం. అమ్మ బయటే కాదు, లోపల కూడా తప్పిపోయింది. దివాకర్ చూస్తున్నాడని కూడా లేకుండా టేబుల్ మీద తల పెట్టుకుని వలవలా ఏడ్చింది.

మారెప్ప వచ్చి ఆ బొమ్మలు చూసి, "ఎవురే వీళ్ళంతా?" అన్నాడు. అతనే మళ్ళీ, "అత్త ఎట్లుంటాదంటే ఏం చెప్తాం? అచ్చం ఆ తిప్పమ్మ మాదిరే ఉంటాది" అన్నాడు.

ప్రసూన తల ఎత్తింది.

తిప్పమ్మ గడప తొక్కడమంటే మాటలు కాదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరినీ ఒకే ఊరికి ఇచ్చారు, చేన్లు కూడా పక్కపక్కనే. ఓ కరువు ఏడాది ఓబమ్మ చెవి కమ్మలు అమ్మి బోరు వేయిస్తే దుమ్ము లేచింది. అదే ఏడాది గట్టుకు అవతల తిప్పమ్మ బోరులో నీళ్ళు పడ్డాయి. "నా నీళ్ళు గుంజుకున్యావే" అని ఓబమ్మ నడివీధిలో మన్ను ఎత్తి పోసింది. అంతే, ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. వెతకడానికి పోయినప్పుడు మారెప్ప కూడా ఆ ఊర్లో అందరినీ అడిగాడు గానీ ఆ ఇంటి ముందు బండి ఆపలేదు.

ప్రసూన పోయేటప్పటికి తిప్పమ్మ చెనిక్కాయ చేనుకు నీళ్ళు కడుతోంది. ఆమె పార ఆపి ఇటు తిరగ్గానే ప్రసూన ఉన్నచోటే ఆగిపోయింది. పొద్దుటి నుంచి కంటికి రాని అమ్మ బురద కాళ్ళతో ఎదురుగా నిలబడి ఉంది.

"చిన్నమ్మా, మా యమ్మ కనపల్లేదు."

"ఇన్యా. ఊరంతా తిరిగినాడంట గదా నీ మొగుడు. నా ఇంట్లో మనుషుల్లేరనుకున్యాడా?"

"నీ ఫొటో కావల్ల చిన్నమ్మా. నీ ముఖం పెట్టి అమ్మ ముఖం చేస్తా."

తిప్పమ్మ పార గట్టుకు ఆనించింది. తిట్టి పంపుతుందనే అనుకుంది ప్రసూన. అమ్మ నీ పేరే కలవరిస్తోందని చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, 'ఇప్పుడు గుర్తొచ్చినానా' అంటుందేమోనని మింగేసింది. తిప్పమ్మ బోరు ఆపేసి, కాళ్ళు కడుక్కుని, గట్టు మీద కూర్చుంది. ప్రసూన ఫోన్ ఎత్తగానే, "ఉండు" అని చెవుల్లోని కమ్మలు రెండూ తీసి కొంగున ముడేసుకుంది.

"మీ యమ్మకు లేవు గదా" అంది.

షాపుకు వచ్చి ప్రసూన ఆ ఫొటో పెట్టి కింద కొట్టింది. 'ఇదే ముఖం. దీన్ని మార్చొద్దు. బుగ్గలు కొంచెం లోపలికి పోవాలి. పైన ముందు పళ్ళు రెండు లేవు. జుట్టు నెరిసింది, నూనె లేదు. కుడికంటి రెప్ప ఒక్కటే వాలాలి. అందంగా చేయొద్దు. నవ్వొద్దు, ఏడవొద్దు.' ఇంత పొదుపుగా ఆమె ఎప్పుడూ రాయలేదు. బొమ్మ వచ్చింది. దివాకర్ కుర్చీలోంచి లేచి, "ఓబమ్మవ్వే గదా!" అన్నాడు.

బొమ్మ కింద ఫోన్ నెంబరు, ఒక మాట వేసింది. 'ఈమెకు మతిమరుపు. పేరు అడిగితే తిప్పమ్మ అని చెబుతుంది.' స్టేషన్లకు పంపింది, వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టింది. తిప్పమ్మ మనిషిని పంపి, ఊర్లో గోడలకు అంటిస్తానని ఒక కట్ట తెప్పించుకుంది.

రోజులు గడిచాయి. ప్రసూనకు అన్నం సయించడం లేదు. ఫోన్ మోగితే ప్రాణం లేచొచ్చేది, అది ఏ పుట్టినరోజు ఫ్లెక్సీనో అయ్యేసరికి చచ్చిపోయేది. ఆఖరికి ఒక మధ్యాహ్నం ముదిగుబ్బ నుంచి ఎవరో ఆడమనిషి చేసింది. "మీ యమ్మ దొరికిందమ్మా. బస్టాండులోనే ఉండాది. తొందరగా రండి."

బండి మీద దారి పొడుగునా ప్రసూన ఏడుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. ఆయుష్షు తగ్గుతుందన్న ఫొటోనే అమ్మను తెచ్చిచ్చిందని అమ్మకు చెప్పి ఎగతాళి చేయాలనుకుంది. బస్టాండులో టీకొట్టు బెంచీ చుట్టూ పది మంది మూగి ఉన్నారు. వాళ్ళ మధ్యలో కొంగు తల మీద కప్పుకున్న ముసలామె వీపు కనిపించింది. "అమ్మా!" అని పరుగెత్తి ప్రసూన ఆ భుజం పట్టుకుంది.

ఇటు తిరిగిన ముఖం తిప్పమ్మది.

ఎండకు కమిలి, బుగ్గలు లోపలికి పోయి, కమ్మలు లేని చెవులతో అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఒళ్ళో సగం అయిపోయిన కాగితాల కట్ట. ఊర్లో అంటిస్తానని తెప్పించుకున్నామె బస్సులెక్కి ఊర్లన్నీ తిరుగుతోంది.

ఫోన్ చేసిన టీకొట్టు కృపాకుమారి సంతోషంగా చెప్పుకుపోతోంది. "పేరడిగినా, తిప్పమ్మ అనింది, మీరు రాసినట్టే. నేను కాదు, మా యక్క అని ఒకటే అరుపు. మతి లేనోళ్ళు అట్లే అంటారులే అని, బస్సెక్కబోతే పట్టుకొచ్చి కూచోబెట్టినాం."

"ఈమె మా యమ్మ కాదు, మా చిన్నమ్మ" అంది ప్రసూన. అక్కడే నేల మీద కూలబడింది. తిప్పమ్మ ఆమెను ఓదార్చలేదు. కాగితం మీద అక్షరాల వైపు వేలు చూపించింది. ఆమెకు చదువు రాదు.

"ఈ టీకొట్టామె చదివి చెప్పింది. మీ యమ్మ నా పేరు చెప్తాండాదని ఏల చెప్పలేదే నాకు?"

"'తిప్పీ, నీళ్ళొచ్చినాయా' అని అందరినీ అడుగుతాండె. నువ్వు తిడతావేమోనని..."

"తిడతా. తిట్టేదానికి అది ఉండొద్దా?" అంటూ తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో కదిరి బస్సు వచ్చి ఆగింది. తిప్పమ్మ లేచి, మూగినవాళ్ళను తోసుకుంటూ పోయి తలుపు దగ్గర నిలబడింది. చేతిలో కాగితాలు ఉన్నాయి గానీ ఎవరికీ చూపించలేదు. దిగేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ, "ఓబక్కా! తిప్పీ వచ్చిండాదే. నీళ్ళొచ్చినాయే, రాక్కా!" అని గొంతెత్తి పిలిచింది. బస్సు ఖాళీ అయిపోయాక కూడా పిలుస్తూనే ఉంది.