పదిహేడు రోజుల పాయింట్లు

ఆ గురువారమే ఆపరేషన్ చేయించి ఉంటే మా చెల్లెలు బతికేదా? ఏడేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. సర్జన్‌ని అడిగితే "చెప్పలేమండీ" అన్నాడు. వైద్య పుస్తకాలు తిరగేశాను. అవీ అంతకన్నా ఏం చెప్పలేదు.

మా బావ, అంటే ఆ చెల్లెలి భర్త, లిఫ్టు మెకానిక్. మా పై అంతస్తులోనే కాపురం. పని దగ్గర నిప్పులాంటి మనిషి. ఇనుప తాడులో నాలుగు పోగులు తెగి కనిపిస్తే చాలు, అప్పటికప్పుడు లిఫ్టు ఆపేసి తలుపుకి అట్టముక్క తగిలించేవాడు.

"నిన్నటిదాకా బాగానే నడిచిందిగా, సాయంత్రం దాకా నడవదా ఏంటయ్యా?" అని మెట్లెక్కలేనివాళ్లు కేకలేసేవారు.

"నిన్నటిదాకా నడిచింది కాబట్టే ఆపుతున్నానండీ" అనేవాడు బావ, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

అలాంటివాడికి కార్డుల పిచ్చి పట్టింది. ఊరికే పట్టలేదు. మా అక్క సముద్రం అవతల ఉంటుంది, విమానంలో తొమ్మిది గంటలు. నడుము పడిపోయి మంచం దిగలేదు. అక్కాచెల్లెళ్లు కళ్లారా చూసుకుని పదకొండేళ్లయింది. మెకానిక్ జీతంతో రెండు టికెట్లు కొనడం కలలో మాట. పెద్ద ఖర్చులు క్రెడిట్ కార్డు మీద పెడితే పాయింట్లొస్తాయని, అవి పోగైతే టికెట్లిస్తారని ఎవరో చెవిన వేశారు. అప్పు చేసే రకం కాదు. పక్కింటివాళ్లు వాషింగ్ మెషీన్ కొంటున్నారంటే వెంటపడి వెళ్లేవాడు. వాళ్ల డబ్బు తీసుకుని, తన కార్డు గీకి, బిల్లు రాగానే కట్టేసేవాడు. మేడలో అందరికీ ఆయన 'పాయింట్లాయన' అయిపోయాడు.

"అన్నయ్యా, రేపు నేను పోయినా ఈయన ముందు కార్డు గీకి, తర్వాత ఏడుస్తారు" అనేది చెల్లెలు.

"మరి ఏడుపుకి పాయింట్లివ్వరుగా" అనేవాడు.

మూడేళ్లకి ఒకటిన్నర టికెట్టు తయారైంది. "ఆ సగం టికెట్టుతో నన్నెక్కడ దింపుతారు, నడి సముద్రంలోనా?" అని అది పడీపడీ నవ్వింది.

ఆ నెలలోనే దానికి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. "కంగారేం లేదు, నెలలోపు తీసేద్దాం. గురువారం ఖాళీ ఉంది" అన్నాడు సర్జన్. డబ్బు సిద్ధంగానే ఉంది. సరిగ్గా అప్పుడే ఒక బ్యాంకు కొత్త కార్డు గురించి బావకి తెలిసింది. మొదటి మూడు నెలల్లో ఆపరేషన్‌కయ్యేంత ఖర్చు దాని మీద పెడితే, మిగిలిన సగం టికెట్టూ వచ్చేస్తుంది. కార్డు చేతికి రావడానికే రెండు వారాలు.

"ఎలాగూ పెట్టే ఖర్చే కదా బావా. కొత్త కార్డు మీద పెడితే, ఇది కోలుకోగానే ఇద్దరం వదిన దగ్గరుంటాం. ఏమంటావ్?" అని నా గదిలోకొచ్చి అడిగాడు.

చెల్లెలు గుమ్మానికి ఆనుకుని, కుడి డొక్క మీద చెయ్యేసుకుని నిలబడింది. "పదకొండేళ్లు ఆగాను, రెండు వారాలు ఆగలేనా?" అంది.

నేను చదువుతున్న పుస్తకంలో ఒక అధ్యాయం చివరి పేజీలో ఉన్నాను. తలెత్తకుండానే "డాక్టరే తొందర లేదన్నాడుగా" అన్నాను.

గురువారం నుంచి పద్దెనిమిదో రోజుకి తేదీ మార్పించాడు. కార్డు అనుకున్న రోజుకే వచ్చింది. పదిహేడో రోజు ఉదయం చెల్లెలు వంటింట్లో గట్టు పట్టుకుని కూలిపోయింది. రాయి జారి నాళంలో అడ్డంపడి, క్లోమం వాచిపోయిందన్నారు. పదకొండు రోజులు ఐసీయూలో ఉంచారు. కౌంటరు దగ్గర బావ రోజూ ఆ కార్డే ఇచ్చాడు. మొదటి రోజు జేబులోంచి తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీశాడు. తర్వాత అలవాటైంది. పన్నెండో రోజు ఇవ్వాల్సిన పని లేకపోయింది. నా దగ్గరున్నదీ కలిపి ఆ బిల్లు కట్టాం.

నెల తిరిగాక బావ ఫోనుకి బ్యాంకు నుంచి అభినందనలంటూ మెసేజీ వచ్చింది. తెచ్చి నా కళ్ల ముందు పెట్టాడు.

"మూడు టికెట్లు, బావా."

ఆ తర్వాత లిఫ్టు తాడులో ఒక్క పోగు తెగినా ఆపేయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి తెగకపోయినా ఆపేసేవాడు. కంపెనీవాళ్లు చూసీ చూసీ సామాన్ల గదిలో కూర్చోబెట్టారు.

అక్కకి ఆపరేషన్ వాయిదా సంగతి తెలియదు. "ఉన్నట్టుండి అలా ఎలా అయిందిరా?" అని ఫోనులో అడిగినప్పుడల్లా నేను మాట మార్చేవాణ్ని.

"వదినకి నిజం చెప్పాలి" అన్నాడొకసారి బావ.

"ఫోన్ చేసి చెప్పు."

"ఫోనైతే ఆవిడ పెట్టేస్తుంది, నేను తప్పించుకుంటాను. ఎదురుగా కూర్చుని తిట్టించుకోవాలి."

"ఆ రోజు తొందర లేదన్నది నేనే. నా పేరూ చెప్పు."

నా ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూశాడు. "ఆ రోజు నువ్వీ గదిలో ఎక్కడున్నావులే బావా" అన్నాడు. కోపంగా అనలేదు.

వారం తర్వాత, పొద్దున్నే కిటికీ దగ్గర చదువుకుంటుంటే పైన తాళం వేసిన చప్పుడైంది. లిఫ్టు పిలవలేదు, మెట్ల మీదుగా దిగాడు. మా గుమ్మం ముందు అడుగులు ఆగాయి. పేజీలో వేలుంచి, తలుపు తడతాడని కూర్చున్నాను. ఏదో గలగలమంది. అడుగులు మళ్లీ కదిలాయి. ఒక్కో మెట్టుకీ సూట్‌కేసు తగులుతున్న చప్పుడు కిందిదాకా వినబడింది.

తలుపు తీసేసరికి నా చెప్పుల్లో వాళ్లింటి తాళంచెవి ఉంది. కిటికీలోంచి చూస్తే, వీధిలో టాక్సీ మలుపు తిరుగుతోంది.