మా ఆయన గారి డాక్టరమ్మ

మా ఆయన నోట్లోంచి ఒక్క మాట రాబట్టాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తారు. పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడ గొంతు చించుకుని, ఎల్బీ నగర్‌లో మా ఇంటి గుమ్మం ఎక్కగానే నోటికి తాళం వేసుకుంటారు. "ఒంట్లో ఎలా ఉందండీ?" అంటే "బానే ఉంది." "దగ్గు తగ్గిందా?" అంటే "ఆఁ." పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. మనిషి తత్వం అంతేలే అని సర్దుకుపోయాను. ఆ డాక్టరమ్మ వచ్చేదాకా నాకు ఏ బాధా లేదు.

వచ్చింది ఇంటికి కాదు, ఫోన్లోకి. ఆయనకి చలికాలం బొత్తిగా పడదు. కార్తీకం వెళ్ళగానే పట్టుకున్న దగ్గు శివరాత్రికి గానీ వదలదు. ప్రతి ఏడూ మలక్‌పేట వైపు ఒక క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళం. హాలు నిండా దగ్గేవాళ్ళూ తుమ్మేవాళ్ళూ. ఒక జబ్బుతో వెళ్ళి రెండు జబ్బులతో తిరిగొచ్చేవాళ్ళం. అయినా నాకు ఆ వెళ్ళడం ఇష్టం. డాక్టరు ఏది అడిగినా జవాబు చెప్పేది నేనే మరి. ఆయన పక్కన కూర్చుని తలూపేవారు.

కిందటి చలికాలం ఆయనతో పనిచేసే ఫిజిక్స్ మాస్టారు ఫోన్లో ఏదో యాప్ పెట్టించారు. క్లాసు మానక్కర్లేదు, ఖాళీ దొరికినప్పుడు డాక్టరుతో మాట్లాడుకోవచ్చు అన్నారట. పరీక్షల ముందు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే ఆ క్లాసులు ఇంకొకరి చేతికి వెళ్ళిపోతాయి. నోరు తెరిస్తేనే జీతం వచ్చే ఉద్యోగం. అందుకని సరేనన్నారు.

మొదటిసారి మాట్లాడింది ఒక ఆదివారం. నేను వంటింట్లో పులుసు కలుపుతున్నాను. గదిలోంచి ఆడగొంతు వినిపించింది. "నమస్తే సర్, చెప్పండి. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి." నిదానంగా చెప్పాలట! ఈయన నోరు తెరిచేసరికి నీకు తెల్లారుతుందిలే తల్లీ అనుకున్నాను. అంతలో ఈయన మొదలుపెట్టారు. ఆపితే ఒట్టు! మెట్రో మెట్లెక్కుతుంటే సగంలో ఆయాసం వస్తుందట. పిల్లలెవరైనా చూస్తారేమోనని ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడతారట. క్లాసులో ఊపిరి అందకపోతే ఏదో రాస్తున్నట్టు బోర్డు వైపు తిరుగుతారట. పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట.

"పిల్లికూతలు వస్తున్నాయా సర్?" అంది ఆవిడ.

"వస్తాయండి. తెల్లవారుజామున ఎక్కువ."

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి? పక్కన పడుకునేది నేను. గురక అనుకుని మోచేత్తో పొడుస్తూ వచ్చాను. అదేమిటో ఎక్కడో కూర్చున్న ఆవిడ ఒక్క ముక్కలో కనిపెట్టేసింది. తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్ళీ తీసుకోకుండా అంకెలు లెక్కపెట్టమంది. పెద్ద పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి ఒకటో తరగతి కుర్రాడిలా ఒకటి, రెండు, మూడు అంటూ మొదలుపెట్టారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఫోన్ పెట్టాక అడిగాను. "ఏమంది మీ డాక్టరమ్మ?"

"ఆస్తమా కావచ్చంది. ఇన్‌హేలర్ రాసింది. ఊపిరి పరీక్ష చేయించుకోమంది."

"ఇంకా?"

"అంతే."

అంతేనట! అరగంట మాట్లాడిన మనిషి నాకు మిగిల్చింది ఆ ముక్క. పోనీ అక్కడితో ఆగిందా? ఆవిడ చెప్పిందని పరీక్ష చేయించుకున్నారు. ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలిస్తున్నారు. పొద్దున మంచులో బయటికి వెళ్ళేటప్పుడు మాస్కు పెట్టుకుంటున్నారు. వచ్చే ఏడు చలికి ముందే ఫ్లూ టీకా వేయించుకోవాలని ఇప్పుడే అంటున్నారు. మఫ్లర్ కట్టుకోండి మహాప్రభో అని నేను ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆవిడ ఒక్కసారి అనగానే మెడకి చుట్టుకున్నారు. అబ్బో, ఏం వినయం!

కింద వాటాలో ఇంటి ఓనరమ్మ ఉంటుంది, పుట్టి పెరిగింది ఇక్కడే. డాబా మీద బట్టలారేస్తుంటే ఆవిడ వచ్చింది.

"ఏందమ్మా, మీ సారు మెట్ల మీద కూసోని ఫోన్ల ఎవరితోనో ఒకటే ముచ్చట వెడుతుండు? నవ్వుతుండు గూడ!"

"డాక్టరండీ. ఆన్‌లైన్ డాక్టరు."

"ఆడామెనా?"

"ఆఁ."

"గట్లనా! జర చూసుకో మరి" అని పకపకా నవ్వింది.

వేళాకోళానికే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

నేనేం తక్కువ తిన్నానా? మా పుట్టింట్లో చలికాలం జలుబుకీ దగ్గుకీ సాంబ్రాణి వేసేవారు. నేనూ అంతే, సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక చలిగాలి రాకుండా తలుపులూ కిటికీలూ బిగించి, సాంబ్రాణి కప్పు వెలిగించి, ఆయన చుట్టూ పొగ తిప్పేదాన్ని. ఇప్పుడు పొద్దున కూడా మొదలుపెట్టాను. ఆవిడ మందు గొప్పదో నా సాంబ్రాణి గొప్పదో తేలిపోవాలి. ఆయన కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చునేవారు. పన్నెత్తి ఒక్క మాట అనలేదు.

దగ్గు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. నేను మనసులో కొంచెం సంబరపడ్డాను కూడా, చూశారా మీ డాక్టరమ్మ ప్రతాపం అని. ఆ వారంలోనే క్లాసు మధ్యలో మాట రాక కూలబడిపోతే, ఫిజిక్స్ మాస్టారు ఆటోలో తీసుకొచ్చి దింపారు. కోలుకునే దాకా క్లాసులు తను చూస్తానన్నారు. ఆ మాటకి మా ఆయన ముఖం పాలిపోయింది.

సాయంత్రం డాక్టరమ్మకి వీడియో కాల్ చేశారు. పట్టుకునే ఓపిక లేక ఫోన్‌ని దిండుకి ఆనించి స్పీకర్ పెట్టారు. నేను గుమ్మంలో నిలబడ్డాను, చేతిలో సాంబ్రాణి పళ్ళెం, ఇంకా వెలిగించలేదు. ఆవిడ అంకెలు లెక్కపెట్టమంది. ఈయన ఏడు దాటలేకపోయారు.

"సర్, మందు సరిగ్గా వాడుతున్నారు. మాస్కు పెట్టుకుంటున్నారు. అయినా ఇలా అయిందంటే చుట్టుపక్కల ఏదో పడటం లేదు. ఇంట్లో పొగ వేస్తారా? అగరబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్?"

"లేదండి. అలాంటిదేం లేదు" అన్నారు ఈయన.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమేసింది. ఆవిడకీ అబద్ధం చెప్పారు! అన్నీ విప్పి చెప్పుకునే ఆ డాక్టరమ్మ దగ్గర కూడా ఒకటి దాచారు! ఆ తర్వాత గానీ దాచింది దేన్నో తలకెక్కలేదు. అటు ఆవిడ అంటోంది, "అయితే ఫోన్లో నేను చేయగలిగింది ఇంతే సర్. ఇంక ఆస్పత్రిలో చేరాల్సిందే."

"వేస్తామండీ!" అని అరిచాను. "రెండు పూటలా వేస్తాను! తలుపులన్నీ మూసి మరీ వేస్తాను!"

ఫోన్ ముందుకి వెళ్ళాక ఆవిడ ముఖం మొదటిసారి చూశాను. చిన్నపిల్ల. జుట్టు ఎలాగోలా క్లిప్పులో బిగించుకుంది. ముక్కు ఎర్రగా ఉంది, తనకీ జలుబే.

"సర్, ఇన్నిసార్లు మాట్లాడాం. ఎందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తూ, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే చెప్పారు. "రోజంతా ఏదో పని, లేదంటే నా మీద కేకలు. ఆ కాసేపే అండీ తను నా దగ్గర నిలబడేది. తల నిమురుతుంది. మానెయ్యమని నా నోటితో ఎలా చెప్పనండీ?"

ఆవిడ నాతో, "కిటికీలు తీయండి మేడమ్. ఇన్‌హేలర్ ఎలా ఇవ్వాలో చెప్తాను, నా ముందే ఇవ్వండి. ఆయాసం తగ్గకపోతే ఇక చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అంది. కిటికీలు తీశాను. ఆవిడ చూస్తుండగానే మందిచ్చాను. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది.

ఆస్పత్రి తప్పింది. పొగ మానేశాక దగ్గు దారికొచ్చింది, పరీక్షలకి ముందే ఆయన క్లాసుకి వెళ్ళారు. ఆ గొప్పంతా డాక్టరమ్మదే, నేను కాదనను. దండం పెట్టమన్నా పెడతాను. అయినా ఆవిడ గొంతు వినపడితే నాకు ఇప్పటికీ కడుపులో మంటే. ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి ఆయన అంత మాట అన్నది ఆ ఒక్కసారే. అది నాతో అనాల్సిన మాట.